ఏప్లాస్టిక్ అనీమియా: మూలుగ ఎండిపోయే జబ్బు, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో దాని సంగతి

ఎముకల లోపలి మూలుగ రక్తకణాలను తయారు చేయడం దాదాపు మానేస్తే వచ్చే జబ్బు ఏప్లాస్టిక్ అనీమియా. పేరులో రక్తహీనత ఉన్నా లోపం ఎర్రకణాలతో ఆగదు. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ కలిసి పడిపోతాయి. ఇది క్యాన్సర్ కాదు, అంటువ్యాధి కాదు, తిండి చాలక వచ్చేదీ కాదు. ఐరోపా దేశాల్లో ఏటా పది లక్షల మందిలో సుమారు ఇద్దరికి వస్తుందని లెక్క. ఆసియాలో అంతకు రెండు మూడు రెట్లు ఎక్కువ. పదేళ్ల నుంచి పాతికేళ్ల మధ్య ఒకసారి, అరవై దాటాక మరోసారి ఎక్కువగా కనిపిస్తుంది. అంటే చదువుకుంటున్న పిల్లలు, కొత్తగా పనిలో చేరిన యువకులు దీనికి ఎక్కువగా చిక్కుతారు. తీవ్రమైన రకం వచ్చి వైద్యం అందకపోతే ఏడాది దాటి బతకడం కష్టం. సరైన వైద్యం సకాలంలో అందితే నేడు ఎక్కువమంది బతికి మామూలు జీవితంలోకి వస్తున్నారు. ఒక తరంలోనే ఇంత తేడా వచ్చిన జబ్బులు అరుదు.

ఈ వ్యాసం ఆ జబ్బును సంగారెడ్డి ప్రాంతం నుంచి చూస్తుంది. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర సంగారెడ్డి పట్నం ముంబై రహదారిని కలుస్తుంది. అక్కడి నుంచి హైదరాబాదు వైపు కంది, రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు, రామచంద్రాపురం వరుసగా వస్తాయి. పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి పారిశ్రామికవాడలు ఈ దారికి దగ్గర్లోనే ఉన్నాయి. 1970ల నుంచి ఇక్కడ బల్క్ డ్రగ్ కంపెనీలు, రసాయనాల కంపెనీలు పెరుగుతూ వచ్చాయి. ఈ ఊళ్లలో ఎవరికైనా రక్తం జబ్బు అని తేలితే ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట "కంపెనీల నీళ్ల వల్లే" అని.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల వ్యర్థాలు నక్కవాగులోకి, చెరువుల్లోకి వదిలిన తీరుపై 1990లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్ రావు ఏళ్ల తరబడి ఆ పోరాటం వెంట నడిచారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటిస్తే ప్రపంచం ఉలిక్కిపడింది. నీరు పాడైన మాట నిజం. ఆ నష్టానికి జవాబుదారీ ఉండాల్సిందే. కానీ మూలుగను ఎండబెట్టే పారిశ్రామిక విషం ఏదని అడిగితే వైద్యశాస్త్రం వాగు వైపు కంటే షెడ్డు లోపలి గాలి వైపే వేలు చూపిస్తుంది. వాగునే తిడుతూ ఉంటే రియాక్టర్ పక్కన, థిన్నర్ డబ్బా పక్కన నిలబడ్డ మనిషిని ఎవరూ ఏమీ అడగకుండానే రోజులు గడుస్తాయి.

జబ్బు బయటపడే తీరు

ఎర్రకణాలు తగ్గితే మనిషి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. ప్లేట్‌లెట్లు తగ్గితే పళ్లు తోముకున్నప్పుడు చిగుళ్ల నుంచి నెత్తురు, కాళ్ల మీద సూదిమొనంత ఎర్రచుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఆడవాళ్లలో ఆగని నెలసరి. తెల్లకణాలు తగ్గితే నోటిపూత, మళ్లీ మళ్లీ జ్వరం. ఇవి కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో ఒకదాని వెనక ఒకటి వస్తాయి. గజ్జల్లో, మెడలో గడ్డలు ఉండవు, ప్లీహం వాయదు. లుకేమియా నుంచి దీన్ని విడదీసే మొదటి ఆనవాళ్లలో అదొకటి.

సమయం పోయేది ఇక్కడే. నీరసంగా ఉందంటే ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెడతాడు, బలానికి సూది వేస్తాడు, ఐరన్ టానిక్ రాస్తాడు. మూలుగే పనిచేయనప్పుడు ఇనుము ఎంత పోసినా ఎర్రకణం పుట్టదు. వానాకాలంలో అయితే మరో పొరపాటు జరుగుతుంది. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల మాట ప్రతి ఇంటికీ తెలిసింది. జ్వరం ఉండి ప్లేట్‌లెట్లు ఇరవై వేలకు పడితే డెంగీ అని తేల్చేస్తారు. డెంగీలో రక్తం చిక్కబడుతుంది, హిమటోక్రిట్ పెరుగుతుంది, వారం పది రోజుల్లో ప్లేట్‌లెట్లు వాటంతట అవే లేస్తాయి. ఏప్లాస్టిక్ అనీమియాలో హిమోగ్లోబిన్ కూడా ఆరుకో ఐదుకో పడి ఉంటుంది, ఎక్కించిన ప్లేట్‌లెట్లు నాలుగు రోజులకే కరిగిపోతాయి, కౌంటు మళ్లీ మొదటికి వస్తుంది. సంగారెడ్డిలో ఏ ల్యాబ్‌లోనైనా చేసే సీబీపీ అనే రక్తకణాల లెక్క పరీక్షలో మూడు వరుసలూ తక్కువగా ఉంటే, రెటిక్యులోసైట్లు అంటే కొత్తగా పుట్టిన ఎర్రకణాలు కూడా లేకపోతే, ఆ కాగితం పట్టుకొని అదే వారం రక్తవ్యాధుల నిపుణుడి దగ్గరికి వెళ్లాలి.

నిర్ధారణకు మూలుగ పరీక్ష తప్పదు. నడుము వెనక తుంటి ఎముకకు మత్తు సూది ఇచ్చి, లావు సూదితో కొంచెం మూలుగ ద్రవం, ఒక చిన్న ఎముక ముక్క తీస్తారు. "వెన్నులోంచి తీస్తారు, కాళ్లు పడిపోతాయి" అనే భయంతో చాలా కుటుంబాలు దీన్ని వాయిదా వేస్తాయి. వెన్నుపాముకూ దీనికీ సంబంధం లేదు. మైక్రోస్కోపు కింద ఆరోగ్యవంతుడి మూలుగ రకరకాల కణాలతో కిక్కిరిసి ఉంటుంది. ఈ జబ్బులో అక్కడ కొవ్వు మాత్రమే మిగులుతుంది. 1888లో జర్మనీలో పాల్ ఎర్లిక్ చనిపోయిన ఒక గర్భిణి ఎముకల్లో మొదట గమనించింది ఈ కొవ్వునే. 1904లో ఫ్రెంచి వైద్యుడు అనటోల్ షొఫార్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు.

తీవ్రతను కొలిచే కొలబద్దను 1976లో కమిట్టా బృందం రూపొందించింది. నేటికీ దాన్నే వాడుతున్నారు. మూలుగలో కణాలు నాలుగో వంతు కంటే తక్కువగా ఉండి, తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 500కు లోపు, ప్లేట్‌లెట్లు 20 వేలకు లోపు, రెటిక్యులోసైట్లు బాగా తక్కువ అనే మూడింట్లో రెండు ఉంటే తీవ్రమైనది. న్యూట్రోఫిల్స్ 200కు లోపయితే అతి తీవ్రమైనది. ఈ 200 అంకె చూసిన నిపుణుడు ఇక ఒక్క రోజు కూడా వృథా కానివ్వడు. అలాంటి మనిషికి జ్వరం వస్తే గంటల్లో యాంటీబయాటిక్ సిరలోకి ఎక్కాలి.

మూలుగ మీద దాడి చేసేది ఎవరు?

ఎక్కువమంది రోగుల్లో బయటి కారణం ఏదీ దొరకదు. అంతమాత్రాన లోపల ఏం జరుగుతోందో తెలియదని కాదు. శరీరాన్ని కాపాడాల్సిన టి లింఫోసైట్లే మూలుగలోని మూలకణాలను శత్రువులనుకొని చంపుతాయి. పొలం ఉంది, నీళ్లున్నాయి, మొలకెత్తాల్సిన విత్తనాన్నే తినేసినట్టు అన్నమాట. ఈ సంగతి తెలిసింది కూడా అనుకోకుండానే. 1970 ప్రాంతంలో పారిస్‌లో జార్జ్ మాతే బృందం మూలుగ మార్పిడికి ముందు రోగుల రోగనిరోధక శక్తిని తగ్గించడానికి లింఫోసైట్లను చంపే సీరం ఇచ్చింది. దాత మూలుగ నిలవలేదు. కానీ కొందరిలో రోగి సొంత మూలుగ మళ్లీ మేలుకుంది. కవల సోదరుల మధ్య జరిగిన మార్పిడులు కూడా ఇదే చెప్పాయి. అచ్చంగా ఒకే జన్యువులున్న కవల నుంచి తెచ్చిన మూలుగ కూడా, ముందుగా లింఫోసైట్లను అణచకపోతే, చాలామందిలో నిలబడలేదు. కొత్త విత్తనాన్ని కూడా ఆ కణాలే తినేశాయి.

ఆ దాడి ఎందుకు మొదలవుతుందనేదే అసలు వెతుకులాట. కొందరిలో కామెర్లు వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు మూలుగ ఎండిపోతుంది. వీళ్లలో హెపటైటిస్ ఏ, బీ, సీ ఏదీ ఉండదు. ఎక్కువగా కుర్రవాళ్లు, జబ్బు చాలా తీవ్రం. కామెర్లకు పసరు తాగి, తగ్గిందని సంతోషించిన ఇంట్లో మళ్లీ నీరసం మొదలైతే సీబీపీ చేయించడం మరవకూడదు.

ఇక మందుల్లో చరిత్రకెక్కింది క్లోరాంఫెనికాల్. 1947లో ఒక నేల సూక్ష్మజీవి నుంచి వేరుచేసిన ఈ యాంటీబయాటిక్ టైఫాయిడ్‌ను వంచిన మొట్టమొదటి మందు. మన దేశంలో ఒక తరం పాటు టైఫాయిడ్ అంటే ఇదే. 1950ల మొదట్లోనే దాని మరో ముఖం బయటపడింది. వాడినవాళ్లలో సుమారు 20 వేల నుంచి 40 వేల మందిలో ఒకరికి, కోర్సు ముగిసిన వారాలకో నెలలకో, తిరిగి కోలుకోని విధంగా మూలుగ ఎండిపోయేది. మోతాదుకు దీంతో సంబంధం లేదు. ఒక్క మనిషి విషయంలో చూస్తే ఈ ప్రమాదం చిన్నది. కోట్ల మందికి ఇచ్చినప్పుడు అది ఎన్ని ఇళ్ల దుఃఖమో లెక్కేసుకోవచ్చు. ఫిట్స్‌కు వాడే కార్బమజిపిన్, కీళ్లనొప్పులకు ఒకప్పుడు ఇచ్చిన ఫినైల్‌బ్యూటజోన్, బంగారు లవణాలు కూడా అనుమానితుల జాబితాలో ఉన్నాయి.

థాయిలాండ్‌లో చాలా ఏళ్లు సాగిన అధ్యయనం పల్లెటూళ్ల మీద దృష్టి పెట్టింది. పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు, డీడీటీ తాకిడికీ ఈ జబ్బుకూ సంబంధం కనిపించింది. బాతులు, కొంగబాతుల పెంపకానికీ, సీసాల్లో కాని నీరు తాగడానికీ కూడా సంబంధం కనిపించింది. బాతులు, నీటి సంబంధం ఏదో క్రిమి వైపు చూపిస్తోందని పరిశోధకులు భావించారు. పత్తికీ చెరకుకూ మాస్కు లేకుండా పిచికారీ చేసే మెదక్, జహీరాబాద్ రైతుకు ఈ అధ్యయనం దూరపు సంగతి కాదు.

బెంజీన్

రసాయనాల్లో అనుమానం ఏమాత్రం లేనిది ఇదొక్కటే. 1897లో స్వీడన్‌లోని ఉప్సాలాలో సైకిల్ టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే యువతులు చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారి చనిపోయారు. రబ్బరును కరిగించడానికి వాడిన బెంజీన్ ఆవిరే కారణమని సాంటెసన్ అనే వైద్యుడు గుర్తించాడు. ఆ తర్వాత కథ దేశం మారింది తప్ప తీరు మారలేదు. ఇటలీ చెప్పుల కార్ఖానాలు, 1970ల్లో ఇస్తాంబుల్ తోలుపని గల్లీలు. ఇస్తాంబుల్‌లో ముజఫర్ అక్సోయ్ అనే రక్తవ్యాధుల వైద్యుడు మూలుగ ఎండిపోయిన రోగులను "ఏం పని చేస్తావు, జిగురు ఏది వాడతావు" అని అడిగి బెంజీన్ జాడ పట్టాడు. వాళ్లలో కొందరికి తర్వాత లుకేమియా రావడాన్ని కూడా నమోదు చేశాడు. చైనాలో వందలాది కార్మికులపై జరిగిన పరిశోధన 2004లో మరో మెట్టు ఎక్కింది. గాలిలో పది లక్షల పాళ్లలో ఒక పాలు కంటే తక్కువ బెంజీన్ ఉన్నచోట కూడా తెల్లకణాలు తగ్గుతున్నాయని తేలింది. అమెరికా 1987లో పెట్టుకున్న చట్టబద్ధ పరిమితి సరిగ్గా ఆ ఒక పాలే.

బెంజీన్ తానుగా మూలుగను చంపదు. ఊపిరి ద్వారా, కొంత చర్మం ద్వారా లోపలికి వెళ్లాక కాలేయం దాన్ని ఫినాల్‌గా, హైడ్రోక్వినోన్‌గా మారుస్తుంది. అవి మూలుగకు చేరి అక్కడి ఎంజైముల వల్ల ఇంకా విషపూరితమైన క్వినోన్లుగా మారి మూలకణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. తొలిదశలో తాకిడి ఆగితే కౌంట్లు మళ్లీ పెరిగే అవకాశం ఉంది. అందుకే కార్మికులకు క్రమం తప్పకుండా సీబీపీ చేయించడం లాంఛనం కాదు, ప్రాణరక్షణ. దీనికి తియ్యటి వాసన ఉంటుంది. కానీ ముక్కు పసిగట్టే స్థాయి ఆ ఒక పాలు పరిమితిని దాటే ఉంటుంది. వాసన రాలేదు కాబట్టి ఏం కాదనే ధీమా పనికిరాదు.

మందుల తయారీలో బెంజీన్‌ను వీలైనంత వరకు వాడకూడదని అంతర్జాతీయ నియమం. మాత్రలో మిగిలే బెంజీన్ పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు మించకూడదు. దాని స్థానంలో టొల్యూన్, ఇథైల్ ఎసిటేట్ వంటి సాల్వెంట్లు వచ్చాయి. శుద్ధమైన టొల్యూన్ నరాలను మొద్దుబారుస్తుంది గానీ మూలుగను ఎండబెట్టదు. ప్రమాదం ఎక్కువగా పెద్ద ప్లాంటు కొలతల బయట ఉంటుంది. బెంజీన్ కలిసిన చవక థిన్నర్లు, జిగురులు, మాస్కు లేకుండా చేసే ట్యాంకు శుభ్రత, స్ప్రే పెయింటింగ్ షెడ్లు. పని అయ్యాక చేతికంటిన రంగును థిన్నర్‌తోనో పెట్రోల్‌తోనో కడుక్కునే అలవాటు. మన పెట్రోల్‌లో కూడా బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. మాత్ర మింగేవారి కోసం ఇన్ని అంకెలు రాసి పెట్టుకున్నాం. డ్రమ్ము మూత తీసే హెల్పర్ చుట్టూ గాలిని అంతే శ్రద్ధగా కొలవాలి.

అందుకే ఈ ప్రాంతంలో రక్తకణాలు పడిపోయిన రోగిని వైద్యుడు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ కంపెనీ అని అడగడం చాలదు. ఏ సెక్షన్‌లో, ఏ డ్రమ్ముల దగ్గర, ఎన్నాళ్లుగా, అంతకు ముందు ఎక్కడ పనిచేశావు, ఇంటి దగ్గర ఇంకేదైనా పెయింటు పని చేస్తావా అని అడగాలి. జవాబును కేసు షీటులో రాయాలి. రోగి వృత్తిని అడగండి అని 1700లో ఇటలీలో రమజ్జినీ తన పుస్తకంలో వైద్యులందరికీ చెప్పాడు. మూడు వందల ఏళ్ల తర్వాత కూడా మన ఓపీ చీటీల్లో ఆ గడి ఖాళీగా కనిపించడం బాధ కలిగిస్తుంది.

పుట్టుకతో వచ్చే రకాలు, మేనరికం

పిల్లల్లో, యువకుల్లో కొన్ని కేసులు జన్యులోపం వల్ల వస్తాయి. అందులో ముఖ్యమైనది 1927లో స్విట్జర్లాండ్ వైద్యుడు గీడో ఫంకోనీ వర్ణించిన ఫంకోనీ అనీమియా. బొటనవేలు చిన్నదిగా లేదా వంకరగా ఉండటం, పొట్టిగా ఉండటం, చర్మం మీద పాలకాఫీ రంగు మచ్చలు దీని గుర్తులు. కొందరిలో పైకి ఏ గుర్తూ ఉండదు. తల్లిదండ్రులు ఇద్దరూ లోపభూయిష్ట జన్యువును ఒక్కొక్కటి మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామతోనో మేనబావతోనో పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే తెలుగునాట ఆ ఇద్దరూ ఒకే జన్యువును మోసే అవకాశం మామూలు కంటే ఎక్కువ. ఇది ఎవరి తప్పూ కాదు. అత్తింటి వాళ్లు కోడలి మీద వేసే నిందకు శాస్త్రం ఏ ఆధారమూ ఇవ్వదు, లోపం ఇద్దరి వైపు నుంచీ సమానంగా వస్తుంది.

ఈ తేడా తెలుసుకోవడం వైద్యానికి చాలా అవసరం. ఫంకోనీ రోగి కణాలు డీఎన్‌ఏ దెబ్బను సరిచేసుకోలేవు. మామూలు మోతాదు కీమో ఇస్తే ప్రాణం పోతుంది. లింఫోసైట్లను అణచే మందులు పనిచేయవు. ఇక మూలుగ దానం చేస్తానని ముందుకొచ్చిన అన్న లేదా చెల్లెలికి కూడా బయటపడని ఇదే జబ్బు ఉండొచ్చు. అందుకే యాభై లోపు వయసు రోగులకు, ముఖ్యంగా పిల్లలకు, రక్తంలోని క్రోమోజోములు ఎంతగా విరుగుతాయో మైటోమైసిన్‌తో చూసే పరీక్షను మార్పిడికి ముందే చేయాలి, దాతకు కూడా చేయాలి. క్రోమోజోముల చివరలు కురచబడే డిస్కెరటోసిస్ కంజెనిటా మరొకటి. గోళ్లు పాడవడం, నాలుక మీద తెల్లమచ్చ దాని ఆనవాళ్లు. ఇలాంటి వాటిలో కొందరికి డానజాల్ అనే హార్మోను మందు మేలు చేస్తుంది.

దీన్ని పోలిన మరో జబ్బు, ఒక భీమవరం మనిషి

మూడు రకాల కణాలూ పడిపోయినవాళ్లంతా ఈ జబ్బు వాళ్లు కారు. మన ఆసుపత్రుల్లో అలాంటి చిత్రానికి తరచుగా కనిపించే కారణం విటమిన్ బి12, ఫోలిక్ ఆమ్లాల లోపం. దీన్ని మెగలోబ్లాస్టిక్ అనీమియా అంటారు. మూలుగ పరీక్ష చేస్తే ఇందులో కణాలు కిక్కిరిసి ఉంటాయి, కానీ పెద్దవై ఎదగకుండా మిగిలిపోతాయి. కొన్ని రోజుల సూదులతోనే మనిషి లేచి కూర్చుంటాడు. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన అమెరికా లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, తన అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే మందని తేలింది. ఏప్లాస్టిక్ అనీమియాకు ముందు వైద్యుడు ఈ సులువైన జబ్బును తోసిపుచ్చాలి. లేకుంటే లక్షల ఖర్చుతో చేసే వైద్యం రూపాయల మందుతో తగ్గేదానికి చేసినట్టవుతుంది.

క్షయ కూడా మూలుగలో చేరి ఇలాగే భ్రమింపజేస్తుంది. అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌కు 1960లో ఏప్లాస్టిక్ అనీమియా అని నిర్ధారించి స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆ స్టెరాయిడ్లే ఆమెలో పాత క్షయను మళ్లీ రగిలించాయి. 1962లో ఆమె ఆ క్షయతోనే చనిపోయారు. క్షయ ఇంత విస్తారంగా ఉన్న మన దేశంలో సరైన నిర్ధారణ లేకుండా నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగించడం ప్రమాదం. స్టెరాయిడ్లు ఒక్కటే ఈ జబ్బుకు చికిత్స కానే కావు.

చికిత్స

రెండు దారులున్నాయి. పాత విత్తనం పోయిన చోట కొత్తది నాటడం, లేదా దాన్ని తినేస్తున్న కణాలను అణచడం.

మొదటిది మూలుగ మార్పిడి. దీనికి బాట వేసిన ఇ. డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది. రోగి యువకుడై, తోబుట్టువుల్లో హెచ్‌ఎల్‌ఏ అనే కణజాల గుర్తులు పూర్తిగా కలిసేవారుంటే ఇదే మొదటి ఎంపిక. ఒక్కో తోబుట్టువు కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరే పిల్లలున్న నేటి కుటుంబాల్లో ఆ అదృష్టం తగ్గిపోయింది. అందుకే తండ్రి, తల్లి లేదా సగమే కలిసిన తోబుట్టువు నుంచి తీసుకొని, తర్వాత సైక్లోఫాస్ఫమైడ్‌తో ప్రతిచర్యను అణచే పద్ధతి గత పదిహేనేళ్లలో ఊపందుకుంది. బంధువులు కాని దాతల కోసం 2009లో చెన్నైలో మొదలైన దాత్రి వంటి రిజిస్ట్రీలు ఉన్నాయి. తోబుట్టువు మూలుగతో యువకుల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతున్నారు. అయితే రోగికి మార్పిడికి ముందు రక్తం ఎక్కువసార్లు ఎక్కితే కొత్త మూలుగను శరీరం తిరస్కరించే ముప్పు పెరుగుతుంది. అమ్మా నాన్నా తోబుట్టువుల రక్తం అసలే ఎక్కించకూడదు, దాతలయ్యే అవకాశం ఉన్నది వాళ్లే కాబట్టి. ప్రేమతో రక్తమిచ్చే ఇంటివాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

మన దేశంలో మొదటి మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో డాక్టర్ సురేశ్ అద్వానీ చేశారు. 1986లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మమ్మెన్ చాండీ మొదలుపెట్టారు. చిత్తూరు నుంచి సంగారెడ్డి దాకా రక్తజబ్బు అనగానే "వేలూరు పోదాం" అనే మాట ఆ పేరు వల్లే. ఇప్పుడు హైదరాబాదులో నిమ్స్‌లో, పలు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా మార్పిడి జరుగుతోంది.

రెండో దారి ఏటీజీ. మనిషి లింఫోసైట్లను గుర్రానికి ఎక్కించి, ఆ గుర్రం రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను వేరుచేస్తారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో డ్రిప్‌గా ఎక్కిస్తారు, వెంట నెలల తరబడి సైక్లోస్పోరిన్ గొట్టాలు ఇస్తారు. సైక్లోస్పోరిన్ నార్వే పీఠభూమి మట్టిలో దొరికిన ఫంగస్ నుంచి వచ్చింది. కుందేలు ఏటీజీ లింఫోసైట్లను ఇంకా గట్టిగా అణచుతుంది కాబట్టి బాగా పనిచేస్తుందని అనుకున్నారు. 2011లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పోల్చి చూస్తే ఆరు నెలలకు గుర్రం సీరంతో 68 శాతం, కుందేలు సీరంతో 37 శాతం మంది మాత్రమే స్పందించారు. ఎక్కించాక వారం పది రోజులకు జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు రావచ్చు. అది సీరం జబ్బు, తగ్గిపోతుంది. ఫలితం వెంటనే రాదు, మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ మధ్య కాలమే కుటుంబానికి పెద్ద పరీక్ష. వారానికోసారి ప్లేట్‌లెట్లు, ఫోన్ చేసి దాతలను పిలవడం, ఎస్‌డీపీకి (ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లకు) ఏ గ్రూపు దొరుకుతుందోనని ఎదురుచూడటం.

మూడో మందు వచ్చాక లెక్కలు మారాయి. ప్లేట్‌లెట్ల కోసం తయారైన ఎల్ట్రాంబోపాగ్ అనే మాత్ర మూలకణాలనే ఉత్తేజపరుస్తుందని 2012లో తెలిసింది. 2022లో వెలువడిన ఐరోపా ప్రయోగంలో ఏటీజీ, సైక్లోస్పోరిన్‌కు దీన్ని కలిపితే ఆరు నెలలకు స్పందించిన వాళ్లు 41 నుంచి 68 శాతానికి పెరిగారు. ఏటీజీ కొనలేని, ఆసుపత్రిలో ఉండలేని రోగులకు సైక్లోస్పోరిన్, ఎల్ట్రాంబోపాగ్ మాత్రలే ఇచ్చే పద్ధతి మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది. ఏటీజీకి సమానం కాకపోయినా చాలామందిని నిలబెడుతోంది. అణచివేత చికిత్స తర్వాత రోగం తిరగబెట్టవచ్చు, సుమారు పది పదిహేను శాతం మందికి ఏళ్ల తర్వాత మూలుగలో మరో రకం క్లోన్ పెరిగి మైలోడిస్‌ప్లాసియా, లుకేమియా వైపు వెళ్లవచ్చు. అందుకే కోలుకున్నా జీవితాంతం పరీక్షలు చేయించుకోవాలి.

మంచి ఫలితం చిన్న జాగ్రత్తల మీద ఆధారపడుతుంది. వడకట్టి, రేడియేషన్ ఇచ్చిన రక్తం, ఉడికించిన తిండి, శుభ్రమైన నోరు, కండలోకి సూది వద్దు, ఆస్పిరిన్ వద్దు. ఎక్కువ రక్తం ఎక్కిన వాళ్లకు పోగైన ఇనుము తీసే మందు. ఇంట్లో బూజు పట్టిన గోడలుంటే వదిలి మరో గదికి మారడం కూడా వైద్యంలో భాగమే. ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ బూజులో నుంచే వచ్చి ఊపిరితిత్తులను తినేస్తుంది.

ఖర్చు, చట్టం

ప్రైవేటు ఆసుపత్రిలో మార్పిడి ఖర్చు పది లక్షలు దాటడం మామూలు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. తలసీమియా పిల్లల కోసం 2017లో మొదలైన కోల్ ఇండియా పథకాన్ని తర్వాత ఏప్లాస్టిక్ అనీమియాకు కూడా వర్తింపజేశారు. దాని కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మార్పిడికి 10 లక్షల దాకా సాయం అందుతుంది. 21 వేల లోపు జీతం వచ్చే కార్మికుడికి ఈఎస్‌ఐ ఉంటుంది. రామచంద్రాపురం, సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రుల నుంచి పై ఆసుపత్రులకు రెఫర్ చేయించుకోవచ్చు. కార్డు ఉందని తెలిసినా ఎలా వాడాలో తెలియక సొంత పొలం అమ్ముకున్న కుటుంబాలు ఈ జిల్లాలో తక్కువేం కాదు.

బెంజీన్ వల్ల వచ్చే జబ్బులను 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం వృత్తి వ్యాధులుగా గుర్తించాయి. ఆ జాబితా 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఉంది. బెంజీన్ విషప్రభావాన్ని వైద్యుడు గుర్తిస్తే ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ చెప్పింది. బెంజీన్ గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1971లో చేసిన ఒప్పందాన్ని భారతదేశం 1991లో ఆమోదించింది. అయితే ఆరు నెలలు ఒకే యజమాని దగ్గర ఆ పనిలో నిరంతరంగా ఉంటేనే జబ్బు పని వల్ల వచ్చిందని చట్టం తనంతట తాను ఒప్పుకుంటుంది. లేదంటే నిరూపించాల్సిన భారం కార్మికుడిదే. ప్రతి మూడు నెలలకు కాంట్రాక్టరును మార్చి, పేరు కొత్తగా రాయించే పద్ధతి ఉన్నచోట ఆ ఆరు నెలలు ఎప్పటికీ పూర్తి కావు. అందుకే గేటు పాసు, జీతపు చీటీ, ఈఎస్‌ఐ నంబరు, చేసిన పని పేరు రాసిన వైద్యుడి చీటీ, మొదటి సీబీపీ కాగితం, ఈ ఐదూ ఒకే కవరులో భద్రపరచుకోవాలని పోతిరెడ్డిపల్లి చుట్టుపక్కల అద్దెకుండే ప్రతి కార్మికుడికీ, బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లకు వాళ్ల భాషలోనే, యూనియన్లూ ఆశా కార్యకర్తలూ చెప్పాలి.